చాటు నుంచి వెలుగులోకి – 7 : ద్యుతి చంద్‌ను రెండుసార్లు అడిగిన ప్రశ్న

గత భాగంలో 1981 నాటి అమెరికాలో ఆగాం. టెన్నిస్‌ను ఏలిన బిల్లీ జీన్ కింగ్ మీద ఒకప్పటి స్నేహితురాలు దావా వేసింది. ఆ దావాతోనే వాళ్లిద్దరి సంబంధం లోకానికి తెలిసిపోయింది. ప్రకటనల కంపెనీలు ఒక్కొక్కటే మొహం చాటేశాయి. అదే ఏడాది మరో టెన్నిస్ క్రీడాకారిణి మార్టినా నవ్రతిలోవా ఇప్పుడే వేయొద్దని అడిగినా వినకుండా ఒక దినపత్రిక ఆమె చెప్పుకున్న మాటల్ని అచ్చేసింది. తమ బతుకు సంగతి ఎప్పుడు చెప్పాలి, ఎవరికి చెప్పాలి అన్న నిర్ణయం ఆ ఇద్దరి చేతుల్లోంచీ జారిపోయింది.

అక్కడి నుంచి మూడు దశాబ్దాలు దాటి మన పక్క రాష్ట్రానికి, ఆపైన మన హైదరాబాద్‌కు వద్దాం. ఈ భాగంలోని కథానాయిక ద్యుతి చంద్. తాను ప్రేమించింది ఒక అమ్మాయినని బాహాటంగా చెప్పిన తొలి భారతీయ క్రీడాకారిణి. ఆ మాట చెప్పింది 2019లో. దానికి ఐదేళ్ల ముందే లోకం ఆమెను ఇంకో ప్రశ్న అడిగింది: అసలు నువ్వు ఆడపిల్లవేనా అని. రెండోసారి ఆమె అంత ధైర్యంగా ఎలా నిలబడిందో తెలియాలంటే, మొదటిసారి ఆమెకు ఏం జరిగిందో తెలియాలి.

మగ్గం ఇంటి పిల్ల

ఒడిశాలోని జాజ్‌పుర్ జిల్లా చకా గోపాల్‌పుర్‌లో 1996 ఫిబ్రవరి 3న ద్యుతి పుట్టింది. తండ్రి చక్రధర్ చంద్ నేతపని చేసేవాడు. ఏడుగురు పిల్లలు. కొత్తవాడ మగ్గాల చప్పుడు విన్న ఓరుగల్లు పాఠకులకు అలాంటి ఇంటి సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. నేత ఇంట్లో పని ఒక్కరిది కాదు. ఇంటాయన మగ్గంలో కూర్చుంటే ఆడవాళ్లు, పిల్లలు కండెలు చుట్టాలి, నూలు సర్దాలి. ఇంతమంది చేసినా చేతికొచ్చేది ఒక్కరి కూలీయే. ఏడుగురు పిల్లల కడుపులకు అది ఏ మూలకు?

అలాంటి ఇంటికి పరుగు సరదాగా రాలేదు, బతుకుదారిగా వచ్చింది. ముందు అక్క పరుగెత్తింది. బాగా పరుగెత్తితే స్పోర్ట్స్ హాస్టల్‌లో సీటు, హాస్టల్‌లో కడుపునిండా తిండి, ఆపైన పోలీసు శాఖలోనో రైల్వేలోనో ఉద్యోగం. ఆ దారి కనిపెట్టింది అక్కే, చెల్లెల్ని వెంటబెట్టుకుని గ్రౌండ్‌కు తీసుకెళ్లిందీ అక్కే. 2006లో ద్యుతి భువనేశ్వర్‌లోని ప్రభుత్వ క్రీడా హాస్టల్‌లో చేరింది. అప్పటికి ఆమెకు పదేళ్లు. ఈ అక్కను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. కథ మలుపు తిరిగే చోట మళ్లీ వస్తుంది.

2013 వచ్చేసరికి ఆ పిల్ల దేశంలోనే వేగంగా పరుగెత్తే అమ్మాయిల్లో ఒకటి. పుణెలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 200 మీటర్ల కాంస్యం గెలిచింది. ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్‌లో జరిగిన ప్రపంచ యూత్ పోటీల్లో 100 మీటర్ల ఫైనల్ చేరింది. ప్రపంచ స్థాయి 100 మీటర్ల ఫైనల్‌కు అంతకుముందు మన దేశం నుంచి ఎవరూ చేరలేదు. మరుసటి ఏడాది జూన్‌లో తైపీలో జరిగిన ఆసియా జూనియర్ పోటీల్లో రెండు బంగారు పతకాలు తెచ్చింది. పద్దెనిమిదేళ్లు. ఎదురుగా గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలు.

అప్పుడు ఢిల్లీ నుంచి పిలుపొచ్చింది.

ఆ జూలై

డోపింగ్ పరీక్ష అనుకుని వెళ్లింది ద్యుతి. క్రీడాకారులకు అది అలవాటైన వ్యవహారమే: మూత్రం ఇస్తారు, కొన్నిసార్లు రక్తం ఇస్తారు. అక్కడ మాత్రం ఆమెకు అల్ట్రాసౌండ్ చేశారు. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. తర్వాత బెంగళూరులోని భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో మరిన్ని పరీక్షలు: రక్తం, క్రోమోజోములు, స్కానింగ్, ఒంటి మీద బట్టలు తీసి చూసే పరీక్ష. పద్దెనిమిదేళ్ల పిల్ల. ముక్కూమొహం తెలియని డాక్టర్ల ముందు నిలబడాల్సి వచ్చింది. ఎందుకు చేస్తున్నారో ఆమెకు సూటిగా చెప్పిన వాళ్లు లేరు. గ్లాస్గో పోటీలు ఇంకొన్ని రోజుల్లో ఉన్నాయనగా జట్టులోంచి ఆమె పేరు తీసేశారు. శరీరంలో సహజంగానే టెస్టోస్టెరాన్ హార్మోన్ పాళ్లు ఎక్కువగా ఉన్నాయి, కాబట్టి ఆడవాళ్ల పోటీల్లో పరుగెత్తడానికి వీల్లేదు అన్నారు.

ఈ నియమం ఎక్కడి నుంచి ఊడిపడింది? దాని వేర్లు లోతైనవి. 1966లో బుడాపెస్ట్‌లో జరిగిన ఐరోపా పోటీల్లో మహిళా అథ్లెట్లను దుస్తులు లేకుండా డాక్టర్ల ముందు నడిపించారు. 1968 మెక్సికో ఒలింపిక్స్ నాటికి క్రోమోజోమ్ పరీక్ష వచ్చింది. అమెరికా–సోవియట్ పోరు ముదిరిన రోజులవి. గెలిచిన అవతలి జట్టు అమ్మాయిని ఆడదే కాదనడం ఆనాటి రాజకీయానికి చౌకగా దొరికిన ఆయుధం. 1990ల చివరికి ఆ పరీక్షలు ఆపేశారు. 2009లో బెర్లిన్‌లో దక్షిణాఫ్రికా అమ్మాయి కాస్టర్ సెమెన్యా 800 మీటర్లు గెలవగానే పాత అనుమానం కొత్త రూపంలో లేచింది. 2011లో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య ఒక గీత గీసింది: లీటరు రక్తంలో 10 నానోమోల్స్ టెస్టోస్టెరాన్. అంతకు మించితే మందులు వాడి తగ్గించుకోవాలి, లేదా ఆపరేషన్ చేయించుకోవాలి, లేదా ఇంటికి పోవాలి.

మన దక్షిణాదికి ఈ బాధ కొత్తది కాదు. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా అమ్మాయి శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం గెలిచింది. లింగ నిర్ధారణ పరీక్ష పేరుతో ఆ పతకం లాగేసుకున్నారు. ఇటుక బట్టీ కూలీల బిడ్డ. ఆమె తరఫున వాదించడానికి ఆనాడు ఎవరూ ముందుకు రాలేదు. ఆ తర్వాత ఆమె ప్రాణం తీసుకోవాలని కూడా చూసింది. ద్యుతి కథ కూడా అక్కడికే చేరాల్సింది.

చేరలేదు. కారణం ఒక్కరు కాదు, కొందరు. భారత క్రీడా ప్రాధికార సంస్థకు అప్పుడు డైరెక్టర్ జనరల్‌గా ఉన్న జిజి థామ్సన్ ఆమె పక్షాన నిలిచారు. పాయోష్ణి మిత్రా అనే పరిశోధకురాలు ద్యుతికి ఆ నియమం ఏమిటో, దాన్ని ఎలా ఎదిరించవచ్చో మనిషికి మనిషి చెప్పినట్టు చెప్పారు. చికిత్స చేయించుకుంటావా అంటే ద్యుతి వద్దంది. నా ఒంట్లో రోగం లేదు, దేవుడిచ్చిన ఒళ్లు ఇది, దీన్నెందుకు మార్చుకోవాలి అన్నది ఆమె వాదన సారం. లండన్ ఒలింపిక్స్ ప్రాంతంలో పేద దేశాల నుంచి వచ్చిన నలుగురు అమ్మాయిలు ఇదే నియమం కింద ఫ్రాన్స్‌లో ఆపరేషన్లకు ఒప్పుకున్నారు. ద్యుతి ఒప్పుకోలేదు. ఈ చరిత్ర అంతటినీ మలుపు తిప్పింది ఆ ఒక్క 'వద్దు'.

గచ్చిబౌలిలో చోటు

ఆ నియమాన్ని సవాలు చేస్తూ ద్యుతి కోర్టుకెక్కింది. అక్కడ గెలిచేదాకా పరుగెత్తడం ఆపకూడదు. స్ప్రింటర్ నాలుగు నెలలు ట్రాక్ వదిలేస్తే కాళ్లు మొరాయిస్తాయి. మరి ఎక్కడ పరుగెత్తాలి? నిషేధం పడిన అమ్మాయికి జాతీయ క్యాంపు తలుపు తెరవదు. పత్రికల్లో పేరు పడ్డాక హాస్టల్ గది పంచుకోవడానికి తోటి అమ్మాయిలే వెనకాడతారు.

ఇక్కడే హైదరాబాద్ కథలోకి వస్తుంది. కోచ్ నాగపురి రమేశ్ ఆమెను వదల్లేదు. పుల్లెల గోపీచంద్ గచ్చిబౌలిలోని తన అకాడమీలో ఆమెకు ఉండటానికి చోటిచ్చారు. అది బ్యాడ్మింటన్ అకాడమీ. షటిల్ కొట్టే పిల్లల మధ్య ఒక పరుగుల పిల్ల. ఆమెకు తెలుగు రాదు, ఇంగ్లిష్ అంతంతమాత్రం. అయినా ఆ ప్రాంగణంలో ఆమెను ఆడా మగా అని అడిగిన వాళ్లు లేరు. కోచ్‌కు కావాల్సింది స్టాప్‌వాచ్ మీది అంకె. బ్లాక్స్ నుంచి ఎంత చురుగ్గా లేచింది, మొదటి 30 మీటర్లు ఎంతలో దాటింది, చివరి 20లో భుజాలు బిగుసుకుపోతున్నాయా. రోజంతా వినిపించే ప్రశ్నలు ఇవే. లోకం అంతా ఒకే ప్రశ్న వేస్తున్నప్పుడు, ఆ ప్రశ్న వేయని చోటు దొరకడం ఎంత భాగ్యమో ఆమెను చూస్తే తెలుస్తుంది. తెలుగు నేల ఈ చరిత్రలో చేసిన పెద్ద పని ఇదేనని నా నమ్మకం.

లొసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానంలో 2015 మార్చిలో వాదనలు జరిగాయి. టొరంటో లాయర్ జిమ్ బంటింగ్ బృందం పైసా తీసుకోకుండా వాదించింది. ఒక పక్క స్విట్జర్లాండ్ హాల్లో శాస్త్రవేత్తలు హార్మోన్ల మీద గంటలకొద్దీ తర్కించుకుంటున్నారు. ఇంకో పక్క ఒక నేతగాడి కూతురు కూర్చుని తన రక్తం గురించి, తన ఒంటి గురించి పరాయి భాషలో సాగే మాటలు వింటోంది. జూలై చివర్లో తీర్పొచ్చింది. టెస్టోస్టెరాన్ ఎక్కువున్న ఆడవాళ్లకు పోటీలో ఎంత మేలు జరుగుతుందో సమాఖ్య రుజువు చేయలేకపోయింది. నియమాన్ని రెండేళ్లు పక్కన పెట్టండి, రుజువులు ఉంటే తీసుకురండి, ఈలోగా ద్యుతి పరుగెత్తవచ్చు అంది న్యాయస్థానం. ప్రపంచంలో ఆ నియమాన్ని కోర్టుకు లాగి నిలిపివేయించిన తొలి మహిళ చకా గోపాల్‌పుర్ అమ్మాయి.

గెలిచాక కూడా దారి పూలబాట కాలేదు. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీ ఫెడరేషన్ కప్‌లో 11.33 సెకన్లలో 100 మీటర్లు పరుగెత్తి, ఒడిశాకే చెందిన రచితా మిస్త్రీ పేరున పదహారేళ్లుగా ఉన్న జాతీయ రికార్డు 11.38ని చెరిపేసింది. రియో ఒలింపిక్స్‌కు కావాల్సింది 11.32. సెకనులో నూరో వంతు తక్కువ పడింది. ఆ నూరో వంతు కోసం మరో రెండు నెలలు. జూన్ 25న కజకిస్తాన్‌లోని అల్మాటీలో హీట్స్‌లో 11.30, అదే రోజు ఫైనల్లో 11.24. పి.టి. ఉష 1980లో మాస్కో వెళ్లిన తర్వాత ఒలింపిక్ 100 మీటర్లలో అడుగుపెట్టిన భారతీయ మహిళ మళ్లీ 36 ఏళ్లకు ద్యుతి. రియోలో హీట్ దాటలేదు. కోచ్ రమేశ్‌కు అదే ఏడాది ద్రోణాచార్య అవార్డు వచ్చింది.

2018 ఏప్రిల్‌లో సమాఖ్య కొత్త నియమం తెచ్చి, దాన్ని 400 మీటర్ల నుంచి మైలు దాకా ఉన్న పరుగులకే పరిమితం చేసింది. 100, 200 పరుగెత్తే ద్యుతి బయటపడింది. వల సెమెన్యా చుట్టూ బిగిసింది. అప్పుడు ద్యుతి తన లాయర్ల బృందాన్ని సెమెన్యాకు ఇస్తానని కబురు పెట్టింది.

ఎనిమిది రోజుల తేడా

2018 ఆగస్టు 26, జకార్తా. ఆసియా క్రీడల 100 మీటర్ల ఫైనల్లో బహ్రెయిన్ అమ్మాయి ఎడిడియాంగ్ ఒడియాంగ్ 11.30, ద్యుతి 11.32. రజతం. 1998లో రచితా మిస్త్రీ కాంస్యం తర్వాత ఇరవై ఏళ్లకు ఈ పరుగులో మనకు పతకం. మూడు రోజులకు, ఆగస్టు 29న, 200 మీటర్లలో మరో రజతం. ఒడిశా ప్రభుత్వం ఆమెకు మొత్తం మూడు కోట్ల రూపాయలు ప్రకటించింది.

ఆ రెండో పతకానికి సరిగ్గా ఎనిమిది రోజుల తర్వాత, సెప్టెంబరు 6న, సుప్రీంకోర్టు ఐదుగురు సభ్యుల ధర్మాసనం 377వ సెక్షన్ మీద తీర్పు చెప్పింది. ధర్మాసనానికి నాయకత్వం వహించిన ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రా కూడా ఒడిశా వారే. పరస్పరం ఇష్టపడిన వయోజనులు స్వలింగ సంబంధంలో ఉండటం ఇక నేరం కాదు.

377 కథను ఈ ధారావాహిక మొదటి భాగాల్లో చెప్పుకున్నాం. 1860లో తెల్లదొరలు రాసిన ఆ సెక్షన్‌ను 2009లో ఢిల్లీ హైకోర్టు సడలించింది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ బతికించింది. అంటే ద్యుతి మీద పరీక్షలు జరిగిన 2014లో, ఆమె అకాడమీ గదిలో ఉన్న రోజుల్లో ఆ సెక్షన్ పూర్తిగా అమల్లో ఉంది. దాని కింద జైలుకు వెళ్లిన వాళ్లకంటే దాని పేరు చెప్పి బెదిరింపులకు గురైన వాళ్లే ఎక్కువ. రహస్యం తెలిసిన చుట్టం, గది అద్దెకిచ్చిన మనిషి, పార్కు గేటు దగ్గరి పోలీసు, ఎవరైనా చేయి చాచవచ్చు. కోర్టు గడప తొక్కకుండానే ఆ సెక్షన్ జేబులు ఖాళీ చేసింది, నోళ్లు మూయించింది.

2018 తీర్పుకు దారి తీసిన పిటిషన్లలో ముందు నిలిచింది పేరున్న మనుషులే. నాట్యకారుడు నవ్‌తేజ్ సింగ్ జోహర్, పాత్రికేయుడు సునీల్ మెహ్రా, హోటళ్ల అధిపతి అమన్ నాథ్, చెఫ్ రీతూ దాల్మియా, వ్యాపారవేత్త ఆయేషా కపూర్. 2016లో వీళ్లు తమ పేర్లతో కోర్టు ముందుకు వచ్చారు. అంతకు పదేళ్ల ముందు రాజ్‌పిప్లా యువరాజు మానవేంద్రసింహ్ గోహిల్ తన సంగతి పత్రికకు చెప్పుకుంటే సొంత ఊళ్లో ఆయన దిష్టిబొమ్మలు తగలబెట్టారు. కన్నవాళ్లు బంధం తెంచుకుంటున్నట్టు ప్రకటన ఇచ్చారు. మన హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయ ఇంగ్లిష్ ఆచార్యుడు, కవి హోషంగ్ మర్చంట్ తాను ఎవరో ఎన్నడూ దాచుకోలేదు. 1999లోనే భారతీయ స్వలింగ ప్రేమ రచనలను 'యారానా' పేరుతో సంకలనంగా తెచ్చారు. ఇంత మందిలో ఒక తేడా గమనించాలి. యువరాజు, ప్రొఫెసర్, హోటల్ యజమాని. వీళ్లకు ఊళ్లో పరువు పోయినా రేపటి అన్నానికి లోటు లేదు. చకా గోపాల్‌పుర్ నేత ఇంటి నుంచి వచ్చిన అమ్మాయికి ఆ వెసులుబాటు ఎక్కడిది?

మే 19

2019 మే 19, ఆదివారం. ఒక ఇంగ్లిష్ దినపత్రికలో వార్త. తనకొక తోడు దొరికిందని, ఆ తోడు తన ఊరి అమ్మాయేనని ద్యుతి చెప్పింది. ఆ అమ్మాయి పేరు మాత్రం చెప్పలేదు. నా పేరు వీధిలో నలిగినా ఫర్వాలేదు, ఆమె పేరు నలగకూడదు అన్న పట్టుదల అందులో ఉంది. ఆ పేరు ఈ వ్యాసంలోనూ ఉండదు.

ఎందుకు చెప్పింది? సుప్రీంకోర్టు తీర్పు ధైర్యమిచ్చిందని ఆమె చెప్పింది. అది సగం కారణం. రెండో సగం రెండు రోజుల తర్వాత భువనేశ్వర్‌లో విలేకరుల ముందు బయటపెట్టింది. సొంత అక్కే తనను బెదిరించిందని, 25 లక్షలు అడిగిందని, ఇవ్వకపోతే సంగతి బయటపెడతానందని ఆరోపించింది. అక్క ఆ మాట కాదంది. అవతలి అమ్మాయి వాళ్లే డబ్బు కోసం చెల్లెల్ని ఒత్తిడి పెడుతున్నారని ఎదురు చెప్పింది. తల్లి కూడా కూతురి మాటను హర్షించలేదు. ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నామన్న వాళ్లున్నారు.

ఆ అక్కాచెల్లెళ్లలో ఎవరిది నిజమో తేల్చడం మన పని కాదు. చరిత్ర చూసేవాళ్లు గమనించాల్సింది ఇంకొకటి. చెల్లెల్ని చేయి పట్టుకుని గ్రౌండ్‌కు తీసుకెళ్లిన అక్క ఆమె. ఏడుగురు పిల్లల ఇంట్లో ముందు సంపాదన అక్కది. ఆ తర్వాత పతకాలతో, కోట్ల బహుమతులతో ఇంటి బరువంతా చెల్లెలి భుజం మీదికి మారింది. పేదింట్లో ఒక్కసారిగా డబ్బు పడినప్పుడు ఆ డబ్బు చుట్టూ అధికారం కోసం పోరు పుడుతుంది. ఆడపిల్ల పెళ్లి ఎవరితో అన్నది ఆ పోరులో పెద్ద పాచిక. మామూలుగా అయితే అల్లుడెవరన్న చోట ఆ గొడవ జరిగేది. ఇక్కడ అల్లుడే లేడు. రహస్యం మాత్రం ఉంది. రహస్యానికి వెల కట్టే వాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ వెల పడిపోవాలంటే రహస్యం ఉండకూడదు. ద్యుతి చేసింది అదే. తీర్పు వల్ల జైలు భయం పోయింది, పత్రికకెక్కడం వల్ల బెదిరింపు పదును పోయింది.

ఒక్కటి మాత్రం మరిచిపోకూడదు. ఆమె చెప్పాలనుకున్న రోజు బహుశా అది కాదు. చెప్పక తప్పని రోజు అది. 1981లో బిల్లీ జీన్‌కు, మార్టినాకు జరిగినదానికి, దీనికి మధ్య తేడా ఉంది: మాట ఆమె నోటి నుంచే వచ్చింది. అయినా వెనక నుంచి ఎవరో తోయడం మాత్రం పోలేదు.

ఇక్కడ మన సినిమా పత్రికల సంగతీ చెప్పాలి. ఫలానా హీరో ఇంకా పెళ్లెందుకు చేసుకోలేదు, ఫలానా హీరోయిన్ ఎప్పుడూ ఆ స్నేహితురాలితోనే ఎందుకు కనబడుతుంది, విడాకుల వెనక అసలు కారణమేమిటి. ఈ గుసగుసలకు దశాబ్దాల వయసుంది. ఒకప్పుడు వెనక పేజీల్లో, పేరు రాయకుండా గుర్తుపట్టేలా రాసేవాళ్లు. ఇప్పుడు యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీద ప్రశ్నార్థకంతో పెడుతున్నారు. తెలుగు తెర మీద స్వలింగ ప్రేమ చాలాకాలం నవ్వు పుట్టించే హాస్యపాత్రకే పరిమితమైంది. 2018లో వచ్చిన 'అ!' సినిమాలో ఇద్దరమ్మాయిల ప్రేమను వెక్కిరింత లేకుండా చూపించడం అప్పటికి కొత్త. తెర మీద పాత్రకే ఇంత కాలం పడితే, తెర వెనక మనిషి నోరు తెరవడానికి ఎంత కాలం పడుతుందో ఊహించుకోవచ్చు. తనంతట తాను చెప్పని ఏ నటుడి పేరూ, ఏ నటి పేరూ ఈ ధారావాహికలో రాలేదు, రాదు. ఇది మొదటి భాగం నుంచి పెట్టుకున్న నియమం. ఊహలు చదవాలనుకున్న పాఠకులు క్షమించాలి. 25 లక్షల కథ చదివాక, ఊహ అన్నది ఎవరి చేతిలో కత్తి అవుతుందో మీకే తెలుస్తుంది.

ఆ తర్వాత

అదే ఏడాది జూలై 9న ఇటలీలోని నేపుల్స్‌లో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల 100 మీటర్లలో ద్యుతి బంగారు పతకం గెలిచింది. 11.32. ఇంట్లో గొడవ రచ్చకెక్కి రెండు నెలలైనా కాలేదు. 2020లో అర్జున అవార్డు వచ్చింది. 2021లో 100 మీటర్ల జాతీయ రికార్డును 11.17కు తెచ్చింది. 2022 జూలైలో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల ప్రారంభోత్సవంలో ఇంగ్లండ్ డైవర్ టామ్ డేలీతో పాటు ఇంద్రధనుస్సు జెండాలతో నడిచిన క్రీడాకారుల్లో ఆమె ఒకరు. కామన్వెల్త్ దేశాల్లో సగానికి పైగా అప్పటికీ స్వలింగ సంబంధాన్ని నేరంగానే చూస్తున్నాయి. ఆ జెండాల వెనకున్న నిరసన దాని మీదే.

చరిత్ర రాసేటప్పుడు నచ్చని పేజీ చింపేయకూడదు. 2022 డిసెంబరులో ఇచ్చిన నమూనాల్లో నిషిద్ధ పదార్థాలు దొరకడంతో 2023 ఆగస్టులో ద్యుతి మీద నాలుగేళ్ల నిషేధం పడింది. 2014లో ఆమె ఒళ్లు ఆమెకిచ్చిన హార్మోనుకు శిక్ష వేశారు. అది అన్యాయం. 2023 నాటి శిక్ష ఇంకో కోవకు చెందింది, దాన్ని డోపింగ్ నియమాల కిందే చూడాలి. ఈ రెండింటినీ ఒక గాటన కట్టకూడదు. ప్రేమ సంగతిని వీటిలో దేనికీ ముడిపెట్టకూడదు.

ఓరుగల్లు దాకా వచ్చే పాయ ఒకటుంది. ద్యుతిని నిలబెట్టిన నాగపురి రమేశ్ చేతి కిందే మన వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవన్‌జీ తయారైంది. పుట్టుకతో మేధోపరమైన వైకల్యం. మొహం తీరు చూసి ఊళ్లో పేర్లు పెట్టారు. గ్రహణం నాడు పుట్టిందన్నారు. ఎక్కడైనా అనాథాశ్రమంలో వదిలేయమని తల్లిదండ్రులకు సలహాలిచ్చిన వాళ్లూ ఉన్నారు. కూలి పనులు చేసుకునే ఆ తల్లిదండ్రులు వదల్లేదు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి తన విభాగంలో ప్రపంచ రికార్డు రాసింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. దీప్తిది వేరే కథ, ద్యుతిది వేరే కథ. ఇద్దరినీ వెంటాడింది మాత్రం ఒకే రకం జనం: పక్కింటి అమ్మాయి ఒంటి మీద, మొహం మీద, మనసు మీద తీర్పు చెప్పే హక్కు తమకుందనుకునే జనం. ఇద్దరికీ దొరికింది కూడా ఒకే రకం గ్రౌండ్.

2021 సెప్టెంబరులో హనుమకొండ జేఎన్‌ఎస్ గ్రౌండ్‌లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగినప్పుడు పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ 1500 మీటర్ల జాతీయ రికార్డును మన కళ్ల ముందే బద్దలు కొట్టింది. ఆ ట్రాక్ మీద ఇప్పుడు రోజూ పొద్దున్నే ఊళ్ల నుంచి వచ్చిన అమ్మాయిలు పరుగెత్తుతున్నారు. వాళ్లకు శిక్షణ ఇచ్చే పీఈటీలను, కోచ్‌లను ఈ సందర్భంగా ఒక్కటే అడుగుతున్నాను: పిల్ల నడక గురించో, జుట్టు గురించో, ఎవరితో తిరుగుతోందన్నదాని గురించో ఎవరైనా గుసగుసలాడితే, స్టాప్‌వాచ్ చూపించి అక్కడే ఆపేయండి.

మళ్లీ ద్యుతి దగ్గరికి వద్దాం. 2019లో ఆమె పక్కన ఉన్నది నేరం కాదన్న తీర్పు ఒక్కటే. తోడును పెళ్లాడే హక్కు ఆ తీర్పులో లేదు. ఆ హక్కు అడుగుతూ 2022 నవంబరులో సుప్రీంకోర్టు మెట్లెక్కింది హైదరాబాద్‌లో కాపురముంటున్న జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. అంతకు ముందు ఏడాది డిసెంబరులో నగర శివార్లలో బంధుమిత్రుల నడుమ మంగళస్నానాలతో, మెహందీతో వేడుక చేసుకున్న ఇద్దరు మగవాళ్లు. దేశమంతా వాళ్ల పేరుతోనే గుర్తుపెట్టుకున్న ఆ కేసులో 2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తులు ఏం చెప్పారు, ఆ రెండు కుటుంబాలు పెళ్లి పందిరి దాకా ఎలా వచ్చాయి అన్నది వచ్చే భాగంలో.